అక్క వచ్చాకే స్విచ్

పాత కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. మధ్యాహ్నం. బల్ల మీద మూత ఊడదీసిన సీపీయూ డబ్బా. దానికి ఇటు బావ, అటు బావమరిది.

"పద్నాలుగేళ్లుగా నన్నొక సందేహం తొలిచేస్తోంది బావా. ఇవాళైనా అడగనా?"

"సందేహాలుంటే దేవుణ్ణి అడుగు. రోజూ పొద్దున్నే గంటసేపు ఆయన ముందే కూర్చుంటావటగా. నా దగ్గర కంప్యూటర్ గురించి మాత్రమే అడగాలి."

"కంప్యూటర్ గురించే బావా. ఆ రోజు ట్యూషన్ మాస్టారి కంప్యూటరు..."

"ఏంటీ? గొణక్కు. నా వైపు తిరిగి, నోరు తెరిచి మాట్లాడు. ఆ మీసాలేంట్రా, గుమ్మానికి చీపురు వేలాడదీసినట్టు! మాటలు వాటిల్లోంచి వడగట్టుకుని రావాల్సొస్తోంది."

"ట్యూషన్ మాస్టారి కంప్యూటరు అన్నాను."

"బల్ల మీదున్నది మాస్టారిదా, నీదా? నీదేగా. దీని సంగతి చెప్పు. అబ్బబ్బబ్బ! ఏం దుమ్మురా ఇది. లోపల విత్తనాలు చల్లితే మొలకెత్తేలా ఉంది."

"దుమ్ము కాదు బావా, ఇత్తడి పొడి. నేమ్‌ప్లేట్లు చెక్కుతుంటే రాలేది."

"ఇత్తడి పొడా! కరెంటు పారే బోర్డు మీద ఇత్తడి పొడా! ఇన్నాళ్లూ ఇది బతికుందంటే నీ దేవుడు ఉన్నాడని ఒప్పుకోక తప్పదు. పాపం, పనులన్నీ మానుకుని నీ డబ్బాకి కాపలా కాస్తున్నట్టున్నాడు."

"ఆయన దయ లేకపోతే..."

"అంత దయే ఉంటే నా దగ్గరికెందుకు మోసుకొచ్చావు? పద్నాలుగేళ్లుగా ఈ కొట్టు గడప తొక్కనివాడివి. పెళ్లిళ్లలో ఎదురుపడితే ఓ దణ్ణం పడేసి అటు తిరిగేవాడివి."

"అటు తిరిగేది నువ్వు బావా. నేను పలకరిస్తుంటే నువ్వు గోడకేసి చూస్తూ కూర్చునేవాడివి. మనవాళ్లంతా నీకు పొగరనుకునేవాళ్లు."

"పొగరే. ఉన్నవాడికి ఉంటుంది. ఇంతకీ దీన్ని ఎంతమంది దగ్గర తిప్పి తెచ్చావు? నిజం చెప్పు."

"ముగ్గురి దగ్గర."

"ఏమన్నారు ఆ మహానుభావులు?"

"మొదటాయన మూత కూడా తియ్యలేదు. 'ఇంకా ఎందుకుంచుకున్నారండీ దీన్ని, తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోడానికా' అన్నాడు. రెండో ఆయన కొత్తది కొనమన్నాడు. కొత్తవాటికి వెనకాల ఆ వెడల్పాటి పోర్టు ఉండదు కదండీ, నా చెక్కే మిషను కేబులు ఎక్కడ తగిలించను అని అడిగాను."

"ఏమన్నాడు?"

"మిషను కూడా కొత్తది కొనమన్నాడు."

"అదీ తెలివంటే! చెప్పు బిగువైందని వెళితే కాలు చెక్కించుకోమన్నట్టు. మూడోవాడు?"

"మూడో ఆయన మూత తీశాడు. లోపల ఏదో కదిపాడు. అప్పటిదాకా తెర మీద బొమ్మైనా వచ్చేది. ఆయన చెయ్యి పడ్డాక అదీ పోయింది."

"నీకు తగినవాడే దొరికాడు. అసలు రోగం ఎప్పుడు మొదలైంది?"

"నెల క్రితం. మిషను చెక్కడం మానేసింది. కంప్యూటర్లో ఆ పోర్టు పేరు పక్కన పసుపుపచ్చ గుర్తొకటి వచ్చి కూర్చుంది. డ్రైవర్ మళ్లీ ఎక్కించాను. ఆరుసార్లు ఎక్కించాను. గుర్తు కదల్లేదు."

"నెల క్రితం దీన్ని ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదు."

"ఏం చెయ్యకుండా అది రాదు. చెప్పు."

"నిజంగా ఏం చెయ్యలేదు బావా. ఒక పాటల కార్డు పెట్టించాను. అంతే."

"ఏ కార్డు?"

"సౌండు కార్డు. పాతదే. ఒకతను ఊరికే ఇచ్చాడు. పని చేసుకుంటూ పొద్దున్నే నాలుగు భక్తిపాటలు వింటే మనసుకి హాయిగా ఉంటుందని..."

"ఓహోహో! ఇత్తడి గీకే మిషనుకి భక్తి ఎక్కించావా! ఒరేయ్, ఇలాంటి పాత డబ్బాలో ఒక్కో పరికరానికి ఒక్కో లైను నంబరుంటుంది. నీ చెక్కే మిషను పోర్టుది ఏడో నంబరు. నీకు ఊరికే వచ్చిన ఆ కార్డుదీ ఏడో నంబరే. రెండిళ్లకి ఒకటే నంబరు పెడితే ఉత్తరం ఎవరికి చేరుతుంది?"

"ఎవరికీ చేరదు."

"అందుకే నీ డ్రైవర్ ఆరుసార్లు కాదు, అరవైసార్లు ఎక్కించినా దిగిపోతుంది. నీ పాటలే నీ మిషను పీక నొక్కాయి."

"భక్తిపాటల వల్ల కీడు జరుగుతుందంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు బావా."

"భక్తి తప్పు కాదురా, నంబరు తప్పు. దేవుడొచ్చి చెప్పినా ఏడు ఏడే."

"మరి తెర ఎందుకు పోయింది?"

"అది స్విచ్ వేస్తే గానీ తెలీదు. బోర్డు ఎన్ని బీప్‌లు కొడుతుందో చూడాలి. ఒక్కో రోగానికి ఒక్కో లెక్క."

"బాగవుతుందా బావా? సోమవారం కొత్త ఆసుపత్రి తెరుస్తున్నారు. అరవై రెండు గదులకి నేమ్‌ప్లేట్లు. సగం కూడా చెక్కలేదు. ఈ పని పోతే పోయింది, ఇది లేవకపోతే ఇక ఏ పనీ ఉండదు. ఆ మిషను ఇంకే కంప్యూటర్ మాటా వినదు. ఇనప సామానువాడికి తూకానికి వేసి, కొట్టుకి తాళం పెట్టుకోవాలి."

"ఏడుపు ఆపు. ఈ పోర్టు తెలిసినవాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే మిగిలాను. నీకూ తెలుసు కాబట్టే వచ్చావు."

"తెలుసు. మా ఆవిడ వద్దంది. 'అక్కడికెళ్లి మళ్లీ ఆ మాటలు పడతారా' అంది."

"ఏ మాటలు?"

"నీకు గుర్తులేదా? చెవిటి మాలోకం."

"ఓ, అదా. ఉన్నమాటేగా."

"సరేలే బావా. కీబోర్డు పెట్టావు. తెర తగిలించావు. కరెంటుంది. స్విచ్ వెయ్యి."

"వేస్తా. తొందరేంటి?"

"ఇంకేం కావాలి?"

"మీ అక్క రావాలి."

"అక్కా? అక్కెందుకు?"

"కూరగాయలకి వెళ్లింది. వచ్చేస్తుంది."

"అది కాదు బావా. స్విచ్ వెయ్యడానికి అక్కెందుకు?"

"ఎందుకేంటి... ఆనవాయితీ. ఇంటి ఇల్లాలు గుమ్మంలో నిలబడితే గానీ నేను స్విచ్ మీద చెయ్యి వెయ్యను. నమ్మకం అనుకో."

"నువ్వా! నేను ఇక్కడ పనిచేసేటప్పుడు పొద్దున్నే దీపం వెలిగిస్తే, 'కరెంటు బిల్లు కట్టాం కదరా, ఇదెందుకు' అని ఆర్పేసినవాడివి!"

"మనిషి మారకూడదా?"

"మారాలి బావా, మారాలి. వింటుంటే ఎంత సంతోషంగా ఉందో. ఎప్పట్నుంచి ఈ నమ్మకం?"

"నీకు ప్రశ్నలు తప్ప ఇంకేం రావా?"

"తెలుసుకుందామని. అక్క ఊరెళితే?"

"కొట్టు మూసేస్తా."

"జ్వరమొస్తే?"

"కుర్చీ వేసి, దుప్పటి కప్పి, గుమ్మంలోనే కూర్చోబెడతా."

"దేవుడైనా ఇంత పట్టు పట్టడు బావా. పోనీ నేను నిలబడనా గుమ్మంలో? అక్క తమ్ముణ్ణేగా."

"నీ మొహం! నువ్వు నిలబడితే వచ్చే బొమ్మ కూడా రాదు. ఆ బ్రష్ ఇలా ఇచ్చి నోరు మూసుకుని కూర్చో. నీ బంగారు గని ఊడ్చి పెడతాను."

"నోరు మూసుకోమంటే మూసుకుంటా. అక్క వచ్చేలోపు ఆ సందేహం ఒక్కటీ..."

"మళ్లీనా!"

"ఇదొక్కటే. ఇంకెప్పుడూ అడగను. మాస్టారి కంప్యూటర్ ఈ బల్ల మీదే ఉంది. నువ్వు ఇక్కడే, నేను ఇక్కడే, మాస్టారు ఆ స్టూలు మీద. నువ్వు స్విచ్ వేశావు. మూడు బీప్‌లు కొట్టింది. ఆ బోర్డుకి మూడంటే మెమరీ అని నువ్వే నేర్పావు నాకు. 'మూడు బావా, మెమరీ తీసి తుడిచి పెడదాం' అన్నాను."

"అన్నావు. అయితే?"

"'బీప్ లేదు, గీప్ లేదు, బోర్డు చచ్చింది' అన్నావు నువ్వు. మళ్లీ వేసి చూడమన్నాను. మళ్లీ మూడు. నేను మూడంటాను, నువ్వు లేదంటావు. మాస్టారు అటూ ఇటూ చూస్తున్నాడు. అప్పుడన్నావు, ఆయన ఎదురుగా, 'ఈ చెవిటి మాలోకాన్ని పెట్టుకున్నందుకు నన్ను నేను కొట్టుకోవాలి' అని. స్క్రూడ్రైవర్ లాక్కుని రేపట్నుంచి రావద్దన్నావు."

"కోపంలో వంద అంటాం."

"కోపం సంగతి కాదు బావా నేనడిగేది. మాస్టారు కళ్లద్దాలకని దాచుకున్నది పెట్టి కొత్త కంప్యూటర్ కొన్నాడు. పాతది తుక్కులో పోయింది. నేను ఇంటికెళ్లి ఆలోచించాను. బావ ఇంత నమ్మకంగా చెప్పాడంటే, నా చెవులే నన్ను మోసం చేశాయేమో అని. చెవుల డాక్టర్ దగ్గరికెళ్లాను. బాగానే ఉన్నాయన్నాడు. ఏడాది తర్వాత మళ్లీ వెళ్లాను. ఆయన నవ్వాడు. 'నీవి పాము చెవులయ్యా, ఇంకెవరికైనా చోటివ్వు' అన్నాడు."

"మరింకేం? డాక్టరే చెప్పాడుగా."

"చెవులు బాగున్నాయన్నాడు. లోపల మనసు సంగతి ఆయనకేం తెలుసు? మా పిల్ల పసిదిగా ఉన్నప్పుడు పక్కగదిలో ఏడిస్తే, లేచి వెళ్లకుండా ముందు మా ఆవిణ్ణి అడిగేవాణ్ణి. 'పిల్ల ఏడుస్తోందా, నాకలా అనిపిస్తోందా' అని. ఇప్పటికీ ఎవరైనా ప్లేటు మీద చెక్కాల్సిన పేరు చెబితే మూడుసార్లు చెప్పించుకుంటాను. నవ్వుతారు. నవ్వనీ. నాకు కావాల్సింది ఒక్క మాట బావా. ఆ రోజు అది కొట్టిందా, కొట్టలేదా?"

"అదిగో మీ అక్క!"

"బావా, నేనడిగింది..."

"మీ అక్క వచ్చింది అంటుంటే!"

"తమ్ముడూ! నువ్వా? ఈ కొట్లోనా? కల కాదు కదా! ఎప్పుడొచ్చావురా? మంచినీళ్లైనా ఇచ్చారా మీ బావ?"

"ఇప్పుడే అక్కా. బాగున్నావా? ఆ సంచేంటి, అలా గుండెలకి హత్తుకున్నావు?"

"పిడి తెగిందిరా దారిలో. అడుగున చెయ్యి పెట్టి మోసుకొచ్చా. చెయ్యి తీశానంటే టమాటాలన్నీ వీధిలోకి దొర్లుతాయి. ఉండు, లోపల పెట్టొస్తా."

"ఎక్కడికి? ఆగు. గుమ్మంలో నిలబడు."

"సంచండీ..."

"రెండు నిమిషాలు. నిలబడు. వేస్తున్నా."

"చెయ్యి లాగేస్తోందండీ."

"బావా, అక్కని సంచి దింపుకోనీ. నమ్మకమే అయినా ఇంత మొండితనమా?"

"నువ్వు నోరెత్తకు. ఇదుగో వేశా."

"ఫ్యాను తిరుగుతోంది. అదిగో కొడుతోంది బావా! బావా, కంప్యూటర్ ఇక్కడుంటే గుమ్మంవైపు చూస్తావేంటి?"

"ష్! నాకు తెలుసు ఎటు చూడాలో."

"..."

"అయిపోయింది. కట్టేస్తున్నా. ఐదు."

"ఏంటి బావా?"

"ఐదు బీప్‌లు. ఈ బోర్డుకి ఐదంటే ప్రాసెసర్. పోయింది నీ ప్రాసెసర్. ఇలాంటిది ఇప్పుడు ఎక్కడా దొరకదు. దొరికినా ఇత్తడి తిన్న బోర్డు దాన్నీ మింగేస్తుంది. పట్టుకెళ్లి పారెయ్."

"ఐదు కాదు బావా. ఎనిమిది."

"ఏంటీ?"

"ఎనిమిది కొట్టింది. లెక్కపెట్టాను."

"మళ్లీ మొదలెట్టాడు చెవిటి మాలోకం! పద్నాలుగేళ్లకి గడప తొక్కితే కాస్త బుద్ధొచ్చిందేమో అనుకున్నా. ఐదుకి ఎనిమిదికి తేడా తెలియనివాడు ప్లేట్లు చెక్కుతున్నాడట! ఆ ఆసుపత్రిలో ఐదో నంబరు గది ఎక్కడుందో, రోగులు వెతుక్కుని చస్తారు."

"ఎనిమిదైతే ఏంటి బావా లెక్క?"

"ఎనిమిదైతే డిస్‌ప్లే కార్డు. తీసి తుడిచి పెడితే అయిపోయేది. కానీ కొట్టింది ఐదు."

"ఇంకోసారి వేసి చూద్దామా?"

"వంద సార్లు వేసినా ఐదే. నేను ముప్పై ఏళ్ల నుంచి ఇదే పని చేస్తున్నా. నువ్వు రెండేళ్లు ఇక్కడ నేల ఊడ్చి వెళ్లావు."

"నిజమే. నువ్వంత గట్టిగా చెబుతున్నావంటే... అప్పుడూ ఇంతే. నాకే ఎక్కువ వినబడుతున్నాయేమో. సరే బావా. ఐదంటే ఐదే. ఆ మూత ఇలా ఇవ్వు, బిగించుకుని వెళతాను. మిషను సంగతి రేపు ఆ ఇనప సామానతన్ని అడుగుతా. మా ఆవిడకేదో ఒకటి చెప్పుకుంటా."

"ఏవండీ."

"నువ్వు లోపలికెళ్లు. అయిపోయిందిగా."

"వాణ్ణి అలా పంపకండి. వాడు చెప్పిందే నిజం. ఎనిమిది."

"ఐదు చూపించావుగా!"

"ఒక చెయ్యి సంచి కిందుంది. రెండో చేతికి ఐదు వేళ్లేగా! మిగతా మూడు దేనితో చూపించను, కాళ్లతోనా?"

"చూపించడమేంటి అక్కా?"

"ఏం లేదు."

"ఏం లేదురా. మీ అక్కకి వేళ్లు విరుచుకునే అలవాటు."

"బావా, నేను నీ ఎదురుగానే ఉన్నాను. నా వెనక గుమ్మంలో అక్క వేళ్లు చూపిస్తోంది. నువ్వు వేళ్లు చూసి ఐదన్నావు. ఎందుకు?"

"నువ్వు చెప్పొద్దే."

"ఇంకా ఏం దాస్తారండీ? వాడి బతుకు మూట కట్టించి పంపబోయారు. ఒరేయ్, మీ బావకి ఆ బీప్ వినపడదు. మాటలు కూడా సగమే. మొహం చూసి, పెదాలు చూసి పోల్చుకుంటారు. నేను గుమ్మంలో నిలబడి ఎన్ని కొడితే అన్ని వేళ్లు చూపిస్తాను. ఆరేళ్లయింది."

"ఆరేళ్లా!"

"ఆరేళ్లు. పుట్టింటికి రెండు రోజులు రావడానికి లేదు. ఫోనొస్తే నేనే ఎత్తాలి. అడ్డమైనవాడొచ్చి కొట్లో అరిచినా, ఏమన్నాడో నేనే మళ్లీ చెప్పాలి."

"అయ్యో అక్కా! చెవిలో పెట్టుకునే మిషన్లు ఎన్ని లేవు? డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సింది."

"అడుగు. ఎదురుగా ఉన్నారుగా, అడుగు."

"నన్నేం అడగక్కర్లేదు. చెవిలో మిషను పెట్టుకుని కూర్చున్న మెకానిక్ దగ్గరికి ఎవడొస్తాడ్రా? 'వీడి మిషనే వీడు బాగుచేసుకోలేడు, మన మిషనేం చేస్తాడు' అంటారు. లోకం సంగతి నాకు తెలుసు. నేనే అయితే అలాగే అంటాను."

"నువ్వంటావు కాబట్టి అందరూ అంటారనుకుంటున్నావు బావా."

"నీతులు ఆపి ఆ రబ్బరు ఇలా ఇవ్వు. పెన్సిలు చెరిపే రబ్బరు. సొరుగులో ఉంది. ఏమే, నువ్వు లోపలికెళ్లు, ఆ టమాటాల్ని దింపు."

"వెళుతున్నా. తమ్ముడూ, నా బదులు కాసేపు నువ్వు లెక్కపెట్టు. బాబోయ్, నా చెయ్యి!"

"చూశావా? నీ భక్తి తాలూకు కార్డు ఇది. పీకేస్తున్నా. పాటలు కావాలంటే రేడియో కొనుక్కో. ఇక ఈ పక్కది డిస్‌ప్లే కార్డు. ఆ మూడో మహానుభావుడు పాటల కార్డు లాగబోయి దీన్ని కదిపి వదిలేశాడు. ఒక మూల పైకి లేచింది, కనబడుతోందా? అడుగున ఈ పళ్లు చూడు, నల్లగా ఎలా మసిపట్టాయో. రబ్బరుతో ఇలా రుద్దాలి. గోళ్లు తగలకూడదు. ఏం చూస్తున్నావు, నా మొహంలో ఏమైనా ఉందా?"

"ఏం లేదు బావా. రుద్దు."

"జాలి పడుతున్నావా? పడకు. నాకు చిరాకు."

"పడట్లేదు. పెళ్లిళ్లలో గోడకేసి ఎందుకు చూసేవాడివో ఇప్పుడర్థమైంది."

"వందమంది ఒకేసారి మాట్లాడుతుంటే ఎవడి మూతి చూడను? గోడ నయం. అదేం అడగదు. సరే, బిగించా. నా ఎదురుగా వచ్చి నిలబడు. వేస్తున్నా. లెక్కపెట్టు."

"ఒకటి."

"తర్వాత?"

"అంతే. ఒక్కటే, చిన్నది."

"ఒక్కటే? సరిగ్గా విన్నావా?"

"ఒక్కటే బావా."

"ఒక్కటంటే అంతా బాగున్నట్టు. తెర చూడు."

"వచ్చింది! వచ్చింది బావా! ఎంత దయ..."

"దయ నాది, రబ్బరుది. ఆగు, సంబరపడకు. తారీఖు చూడు, ఎక్కడో వెనక్కి పోయింది. బోర్డు మీద బొత్తాం బ్యాటరీ అయిపోయింది, మారుస్తా. ఇప్పుడు పోర్టు. ఇదుగో నీ పసుపు గుర్తు. ముందు దీన్ని జాబితాలోంచి పూర్తిగా తీసెయ్యాలి. నువ్వు ఆరుసార్లూ పాతదాని మీదే కొత్తది ఎక్కించి ఉంటావు."

"అవును."

"మురికి చొక్కా మీద ఉతికిన చొక్కా వేసుకున్నట్టు. తీసేశా. మళ్లీ మొదలుపెడితే అదే వెతుక్కుంటుంది. ఏడో నంబరు ఇప్పుడు ఖాళీ. నీ డ్రైవర్ ఫ్లాపీ ఇవ్వు. ఒక్కటేనా ఉంది? దీనికి నకలు తీసి పెట్టుకోలేదా? ఇంతమంది దేవుళ్లకి దణ్ణం పెడతావు, ఒక్క నకలు తియ్యలేవు."

"ఇవాళే తీస్తా. గుర్తు పోయింది బావా!"

"చూశా. కళ్లున్నాయిగా నాకు. ఈ పాత ప్రింటర్‌ని అదే పోర్టుకి తగిలిస్తా. ఇది రాస్తే నీ మిషనూ చెక్కుతుంది. ఆ, రాస్తోంది."

"ఇంత చప్పుడు చేస్తుందే, ఇది వినబడుతుందా బావా నీకు?"

"వినబడదు. బల్ల మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. ఏడుపు మొహం పెట్టావంటే నీ డబ్బా వీధిలోకి విసురుతా."

"పెట్టనులే. కూలి ఎంత బావా?"

"నీ దగ్గర కూలి తీసుకుంటే మీ అక్క అన్నం పెట్టదు. పట్టుకుపో. మూత నాలుగు మరలూ బిగించు, రెండు బిగించి వదిలెయ్యకు. ఇత్తడి చెక్కేచోటికి దూరంగా పెట్టు."

"అలాగే. బావా, వెళ్లేముందు ఒక్క మాట."

"ఇంకా ఉందా!"

"అడగడానికి కాదు. చెప్పడానికి. ఆరేళ్లయిందని అక్క అంది కదా. మాస్టారి సంగతి జరిగి పద్నాలుగేళ్లు. అంటే అప్పటికి నీ చెవులు నిక్షేపంగా ఉన్నాయి. తప్పు నాదే అన్నమాట. అది కొట్టలేదు, నేనే విన్నాననుకున్నాను. ఇన్నేళ్లూ మనసులో నిన్ను తిట్టుకున్నాను బావా. దేవుడి ముందు కూర్చుని కూడా తిట్టుకున్నాను. క్షమించు. సందేహం తీరింది, అదే చాలు. వస్తా మరి."

"ఆగు."

"ఏంటి బావా?"

"మీ అక్క లోపలుందా?"

"వంటింట్లో ఉంది. పిలవనా?"

"వద్దు. తలుపు దగ్గరికి వెయ్యి. తనకి ఆరేళ్ల సంగతే తెలుసు, అంతవరకే తెలియనీ."

"వేశాను. చెప్పు."

"నీకొకటి ఇవ్వాల్సింది ఉండిపోయింది, తీసుకుని వెళ్లు. మాస్టారి కంప్యూటర్ మూడు కొట్టిందో ముప్పై కొట్టిందో నాకేం తెలుసురా? ఆ రోజు నాకు ఒక్కటీ వినపడలేదు. నీకు వినపడింది. అందుకే నిన్ను పొమ్మన్నాను."